ఉన్ని తీశాక మూడు రోజులు

మొన్న మిరుగు, అంటే మృగశిర కార్తె, పడిన నాడు నేనొక పిల్ల చేతిలోని ఫోనును కొట్టి కింద పడేశాను. చౌటుప్పల్‌లో కంపెనీ బస్సెక్కి డ్యూటీకి పోతున్నాం. కిటికీ అద్దాల మీద ఈ ఏటి మొదటి వాన పడుతోంది. పక్క సీటు పిల్ల ఫోనులో ఏదో చూసి నవ్వుకుని, "అక్కా, గిది సూడు, మస్తుంది" అని నా ముందు పెట్టింది. రెండు పొట్టేళ్లు. చుట్టూ జనం, ఈలలు. రెండూ వెనక్కి నడిచి, ఆగి, ఉరికొచ్చి గుద్దుకున్నాయి. ఆ చప్పుడు వినగానే నా చెయ్యి దానంతటదే లేచింది.

ఫోను సీటు కింద దొరికింది. అద్దం పగల్లేదు, అదొక్కటే నయం. "ఏందక్కా, పిచ్చి లేసిందా" అంది ఆ పిల్ల. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. మాఫీ అడిగాను గానీ ఎందుకు కొట్టానో చెప్పలేదు. అది చెప్పాలంటే కంపెనీ గేటు దాకా ఉన్న దూరం చాలదు.

నాకింకా ముప్పై రాలేదు. చిన్నప్పటి సంగతులు చెప్పుకోవడం పళ్లూడినవాళ్ల పని అనుకునేదాన్ని. కానీ నేను పుట్టి పెరిగిన బతుకు అప్పుడే ఎక్కడా కనబడకుండా పోయింది, నేనేం చేయను.

మాది పాలమూరు దిక్కు, గుట్టల నడుమ ఊరు. గొర్రెలే మా బతుకు. కర్రె గొర్రెలు, అంటే నల్లవి, ఒళ్లంతా ఉన్నితో ఉండేవి. ఆ ఉన్ని కత్తిరించి, వడికి, మా తాత గొంగళ్లు నేసేవాడు. చుట్టూ పది ఊళ్లలో వానకు తడవని గొంగడి తనదొక్కటేనని చెప్పుకునేవాడు. చెప్పుకోవడంలో ఆయనకు సిగ్గు లేదు. రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, నాకు పదకొండేళ్లప్పటి సంగతి ఇది.

మా ఇంట్లో ఎండాకాలం ఆడవాళ్లది, వానాకాలం మగవాళ్లది. ఎండలు ముదరగానే నాయిన, చిన్నాయిన మందను తోలుకుని హాలియా దిక్కు కాల్వ కింది పొలాలకు పోయేవాళ్లు. వరి కోసిన మళ్లలో మందను ఆపితే పొలానికి ఎరువు, గొర్రెలకు మేత. చిన్నాయిన నాయినకు ఒక్కగానొక్క తమ్ముడు, అప్పటికింకా పెళ్లి కాలేదు. వాళ్లు పోయాక ఇంట్లో అవ్వ, అమ్మ, నేను, మోకాళ్లు అరిగి మంద వెంట నడవలేని తాత మిగిలేవాళ్లం.

రోహిణి ఎండలు చివరికొచ్చాక ఒకరోజు నాయిన ఫోను చేసేవాడు. "మొగులైంది. బయలెల్లుతున్నం." మబ్బు పట్టిందని, అంతే మాట. ఆ మాట చెవిన పడగానే అవ్వ కొంగు నడుముకు చెక్కేది. ఇంట్లోకి వానాకాలాన్ని పిలవడం మా అవ్వకు తెలిసినంతలో యుద్ధమే, మెత్తగా చేసే పని కాదు.

ముందు వాకిట్లోని చలువ పందిరి పీకాలి. నాలుగు నెలలు దాని కిందే తిని దాని కిందే పడుకున్నాం. మాతో పాటు దాంట్లో తేళ్లు కూడా కాపురం పెట్టేవి. ఆకు లాగిన కొద్దీ రాలేవి. అవ్వ రోకలి పట్టుకుని ఒక్కోదాన్ని నేలకేసి నూరేది, నూరుతూ తిట్టేది. "నా ఇంట్ల ఉండి నా మీదనే కొండి లేపుతవానే? ఎన్ని దినాల సంది సూస్తున్న నిన్ను" అనేది. ఆ తిట్లలో సగం తేలుకు, సగం మా అమ్మకు. అమ్మకూ తెలుసు. నవ్వాపుకుంటూ ఆకులు మోసేది.

తర్వాత గొంగళ్లు. అటక మీంచి దింపి దండెం మీద వేసి, నా చేతికి కట్టె ఇచ్చేది. దుమ్ము పోయేదాకా కొట్టాలి. నేను కొట్టడం ఆపితే అదే కట్టె నా పిక్కల మీద పడేది. అరచేతులు బొబ్బలెక్కేవి. వేపాకు పొగ, పాత ఉన్ని వాసన, అవ్వ నోట్లోని తంబాకు వాసన మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ ఎండాకాలం వెళ్లిపోయినట్టే అనిపిస్తుంది. ఆ తర్వాత గొర్రెల దొడ్డి చుట్టూ కొత్త ముళ్లకంప నాటేవాళ్లం. అమ్మ ముంజేతుల మీద నెత్తురు చారలు ఎండిపోయి ఉండేవి, ఆమె వాటిని కడుక్కోవడం కూడా మరిచిపోయేది. సాయంత్రం పొయ్యి మీద చింతగింజల గంజి ఉడికేది. అది తాత మగ్గం పోగులకు పట్టించడానికి, మాకు కాదు. అయినా ఆ వాసనకు నా కడుపులో ఆకలి పుట్టేది.

ఆ ఏడు మంద పొద్దుగాల వచ్చింది. ముందు గంటలు వినిపించాయి, తర్వాత దుమ్ము కనిపించింది, ఆ దుమ్ములోంచి చిన్నాయిన నవ్వుతూ వచ్చాడు. నన్ను చూడగానే రెండు చేతుల్తో ఎత్తి గిర్రున తిప్పి దింపాడు. హాలియా అంగట్లో కొన్న ఆకుపచ్చ గాజులు నా చేతికి తొడిగాడు. నిజం చెప్పాలంటే ఇంట్లో అందరికంటే నాకు ఆయనే ఇష్టం. ఆయన వెనకాల, మెడకు తాడుతో, ఒక ఎర్ర పొట్టేలు ఉంది. మా పొట్టేలు కంటే జానెడు ఎత్తు, ఒంటి మీద ఉన్ని పోగు లేదు. చెవులు కిందికి వేలాడుతున్నాయి.

తాత కట్టె పట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. వీపు మీద చెయ్యి వేసి, తీసి, అరచేయి చూసుకున్నాడు.

"గిది గొర్రెనా, మేకనా?" అన్నాడు.

"గొర్రెనే నాయినా. జెల్ది పెరుగుతది. కోతకు కొనెటోళ్లు గీ రకాన్నే అడుగుతున్నరు. మన కర్రెవాటి ఉన్ని ఎవడడుగుతున్నడు?" అన్నాడు చిన్నాయిన.

"నేనడుగుతున్న" అన్నాడు తాత.

మా ఇంటి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఎండాకాలమంతా పొట్టేలును ఆడ గొర్రెల్లో కలవనిచ్చేవాళ్లు కాదు. వాన పడి, పచ్చిక మొలిచి, మందకు ఉన్ని తీశాక ఒక మంచి రోజు చూసి, దాని నుదుటికి పసుపు కుంకుమ పెట్టి మందలో వదిలేవాళ్లు. ఏ పొట్టేలును వదిలితే చలి మొదట్లో పుట్టే పిల్లలన్నీ దాని పోలికే. కర్రెదాన్ని వదిలితే కర్రె మంద, ఉన్ని, తాత మగ్గం. ఎర్రదాన్ని వదిలితే కొన్నేళ్లకు దొడ్డిలో ఉన్నే ఉండదు. ఇంటిల్లిపాదికీ ఈ సంగతి తెలుసు గనుక ఆ రోజు రొట్టెలు తింటున్నప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"గీ ఏడు ఎర్రదాన్ని ఇడుస్తం" అన్నాడు చిన్నాయిన. "లేకుంటే నా వాటా గొర్లు నాకు పంచియ్యుండ్రి. నా పొయ్యి నేను పెట్టుకుంట."

అవ్వ చేతిలోని పచ్చిపులుసు గిన్నె తీసి ఆయన మీదికి విసిరింది. గిన్నె భుజానికి తగిలి గోడకు కొట్టుకుంది. పులుసు చెవి మీంచి కారుతుంటే చిన్నాయిన తుడుచుకోకుండా రొట్టె తింటూనే ఉన్నాడు. నాయినకు తండ్రీ కావాలి, తమ్ముడూ కావాలి. చివరికి ఆయనే తీర్పు చెప్పాడు. "గీ ఒక్క ఏడు కర్రెది. వచ్చే ఏడు ఎర్రది. ఇంగ గీ ముచ్చట తియ్యొద్దు." చిన్నాయిన నోట్లో ముద్ద నమిలి మింగి, "సరే" అన్నాడు. ఇల్లు నిలబడింది. కర్రె పొట్టేలు మందలో పడేదాకా నిలబడాలి, అంతే.

ఉన్ని తీసే రోజు మా వాకిలి కోత కొట్టులా ఉండేది. ముందు రోజు వాగులో కడిగిన గొర్రెల్ని ఒక్కోటిగా కాళ్లు కట్టి పడేసేవాళ్లు. తాత గొర్రె మెడ మీద మోకాలు వేసి కత్తెర పెట్టేవాడు. కత్తెర ఎక్కడో ఒకచోట చర్మంలోకి దిగేది, గొర్రె తన్నుకునేది, అవ్వ గాయంలో పసుపు కుక్కేది. అందరి చేతులూ జిడ్డు, నెత్తురు. నేను ఉన్ని మూటలు కడుతూ ఆ జిడ్డును నా జుట్టుకే తుడుచుకునేదాన్ని. కర్రె పొట్టేలును చివర్న పడేశారు. దానికి నాయిన, చిన్నాయిన ఇద్దరూ పట్టాల్సి వచ్చింది. మెడ చుట్టూ ఉన్ని నా పిడికిలి మునిగేంత మందం. అదంతా దిగాక లేచి నిలబడితే, అది మా పొట్టేలేనా అనిపించింది. మెడ సన్నగా, చర్మం బూడిద రంగులో, ఒళ్లంతా కత్తెర గాట్లతో ఉంది.

తాత దాన్ని కొట్టంలో గుంజకు కట్టి నాతో అన్నాడు. "ఉన్ని తీసినంక మూడు దినాలు దీన్ని ఇడువొద్దు బిడ్డా. వాసన మారుతది. నిన్నటి దాంక పక్కన పన్నది గూడ ఇయ్యాల గుర్తువట్టదు, పరాయిదనుకుంటది. మెడకు మెత్త గూడ లేదు. నాలుగో నాడు పసుపు పెట్టి ఇడుద్దం." ఈ మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీలు లేదు.

మరునాడు పొద్దున నేను ఎర్రదాని మీద రాళ్లు విసిరాను. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇంట్లో గిన్నెలు ఎగరడానికి అదే కారణమని నా లెక్క. మూడో రాయి దాని కన్ను పక్కన తగిలింది. చిన్నాయిన ఎక్కడున్నాడో, వెనక నుంచి వచ్చి నా చెంప మీద కొట్టాడు. ఆయన నన్ను కొట్టడం అదే మొదటిసారి. పెదవి పంటికి తగిలి తెగింది. కింద పడ్డప్పుడు ఆకుపచ్చ గాజులు రెండు పగిలాయి. ఆయన మొహం చూస్తే ఆయనకే భయం వేసినట్టుంది. లేపబోయాడు. నేను ఆయన చెయ్యి కొరికి తాత దగ్గరికి ఉరికాను.

తాత నా పెదవికి పసుపు అద్దుతూ కర్రె పొట్టేలు గొప్పలు చెప్పాడు. ఒకసారి తోడేలును పొడిచి పక్కటెముకలు విరగ్గొట్టిందట. "మనోడు ఒక్క పోటు పొడిస్తే గీ ఎర్రది మళ్ల హాలియాల లేస్తది" అన్నాడు. నాయిన కూడా ముందు రోజు చెప్పాడు, దారిలో రెండూ రెండుసార్లు గుద్దుకున్నాయని, రెండుసార్లూ ఎర్రదే వెనక్కి తగ్గిందని. నేను ఆ రాత్రి ఏడుస్తూ పడుకున్నాను గానీ, తెల్లారేసరికి నా ఏడుపంతా ఒక ఆలోచనగా గట్టిపడింది. ఎర్రదాని కొమ్ము విరగాలి. చిన్నాయిన చూస్తుండగా విరగాలి. అప్పుడు ఎవరూ ఏ తీర్పూ చెప్పక్కర్లేదు.

అది ఉన్ని తీశాక రెండో రోజు. వాన వెలిసి ఎండ కాస్తోంది. అవ్వ, అమ్మ పత్తి గింజలు పెట్టడానికి చేనుకు పోయారు. నాయిన మందను తోలుకుపోయాడు. తాత ఇంటి పక్కన మగ్గం మీదికి వంగి ఉన్నాడు. చిన్నాయిన అరుగు మీద గొంగడి కప్పుకుని నిద్రపోతున్నాడు. నేను ముందు ఎర్రదాన్ని విప్పాను. తర్వాత కొట్టంలోకి పోయి కర్రెదాన్ని విప్పాను. దాని చెవిలో "పొడువు" అని చెప్పాను.

అవి ఒకదాన్నొకటి వాసన చూసుకున్నాయి. తాత చెప్పినట్టే, ఎర్రది దాన్ని గుర్తుపట్టలేదు. ముక్కు ఎగబీల్చి, మెడ చాచి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. కర్రెది కూడా నడిచింది. మొదటి దెబ్బకు నేను ఎగిరి గంతేశాను. సంతోషమే అది. చప్పట్లు కొట్టాను. రెండో దెబ్బకు కర్రెది పక్కకు జరిగింది. మూడో దెబ్బ తలకు తగల్లేదు, మెడకు తగిలింది. ఉన్ని ఉండాల్సిన చోట ఉత్త చర్మం ఉంది. ఏదో విరిగిన చప్పుడు నాకు వినబడింది. కర్రెది ముందు కాళ్ల మీద కూలబడి, లేవబోయి, తల ఒక పక్కకు వేలాడేసింది. ఎర్రది ఆగలేదు. పడ్డదాన్నే మళ్లీ వెనక్కి పోయి పొడిచింది, మళ్లీ పోయి పొడిచింది. నేను రాళ్లు విసిరాను, తోక పట్టి లాగాను. అది నన్ను కూడా ఒక్క తోపు తోసింది. నీళ్ల గోలెం వెనక పడ్డాను.

ఆ చప్పుడుకు చిన్నాయిన లేచి ఉరికొచ్చాడు. ఎర్రదాని కొమ్ములు రెండు చేతుల్తో పట్టుకుని మెలిపెట్టి, మోకాలితో పొట్టలో గుద్ది, కిందపడేసి, దాని మెడ మీద కూర్చున్నాడు. ఆయన చొక్కా అంతా నెత్తురు. తాత కట్టె లేకుండానే కుంటుకుంటూ వచ్చాడు. కర్రెదాని దగ్గర కూర్చుని మెడ కింద వేలు పెట్టి చూశాడు. అది ఇంకా ఊపిరి తీస్తోంది. కళ్లు తెరిచే ఉంది.

"కత్తి తే" అన్నాడు తాత. ఎవరితో అన్నాడో తెలీదు. నేనే తెచ్చిచ్చాను. ఆయన దాని తల తన ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో కళ్లు మూసి, రెండో చేత్తో గొంతు కోశాడు. నెత్తురు ఆయన పంచె మీంచి వాన నీళ్ల మడుగులోకి పోయింది. "నేను ఇడువలేదు నాయినా" అన్నాడు చిన్నాయిన. తాత కత్తిని పంచెకు తుడిచాడు.

ఎవరో పోయి చెబితే నాయిన మందను చేలోనే వదిలేసి వచ్చాడు. చూశాడు. చచ్చిన కర్రెది, బతికిన ఎర్రది, చొక్కా నిండా నెత్తురుతో తమ్ముడు. అక్కడ తాత తప్ప ఇంకెవరూ కనబడలేదు. ఇంకేం అడగాలి? "మాట ఇచ్చి గిట్ల చేస్తవారా" అని దొడ్డి తలుపుకు అడ్డం పెట్టే కట్టె అందుకున్నాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. చిన్నాయిన "అన్నా, ఇను" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బ ఆ చేతి మీద పడింది. ఒకే రోజు అలాంటి చప్పుడు రెండుసార్లు విన్నాను. మోచెయ్యి అటు తిరగాల్సింది ఇటు తిరిగింది. నాయిన ఆపలేదు. చేను నుంచి ఉరికొచ్చిన అవ్వ చిన్నకొడుకు మీద పడి అడ్డుకుంటే ఆమె వీపు మీదా ఒకటి పడింది. అమ్మ నాయిన కాళ్లు చుట్టుకుని లాగి కింద పడేసింది. అప్పుడు ఆగింది.

కత్తి ఇచ్చాక నేను మళ్లీ గోలెం వెనక్కే పోయి కూర్చున్నాను. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. నోట్లో నిన్నటి పెదవి పుండు మళ్లీ చిట్లి నెత్తురు వస్తోంది. దాన్ని మింగుతూ కూర్చున్నాను. భయమని చెప్పగలను. కానీ భయమొక్కటే కాదు. నన్ను కొట్టిన చెయ్యి విరిగిందని లోపల ఎక్కడో కొంచెం బాగానే అనిపించింది. ఆ కొంచెం కోసం నేను ఇన్నేళ్లుగా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

మాంసం పారేసే ఇల్లు కాదు మాది. అవ్వ ఏడుస్తూనే కోసింది, ఏడుస్తూనే కారం నూరింది. తలకాయ కూర, నల్ల అనే నెత్తురు వేపుడు, జొన్న రొట్టెలు. చిన్నాయినను దవాఖానకు తీసుకుపోయారు. తాత తినలేదు గానీ మమ్మల్ని తినమన్నాడు. ఆకలి వేస్తోంది. కూర రుచిగా ఉంది. తిన్నాను, రెండోసారి పెట్టించుకున్నాను కూడా.

చేతికి కట్టుతో తిరిగొచ్చిన మూడో రోజే చిన్నాయిన వాటా అడిగాడు. గొర్రెల్ని చెరి సగం చేశారు. ఎర్రదాన్ని తోలుకుని ఆయన ఊరి అవతల కొట్టం వేసుకున్నాడు. నాయిన కర్రె పొట్టేలు కోసం ఊళ్లు పట్టుకుని తిరిగాడు. ఏ దొడ్డిలో చూసినా అప్పటికే ఎర్రవే. పచ్చిక మోకాలి ఎత్తు పెరిగింది, గొర్రెలు ఆగవు. ఆఖరికి పక్క ఊరి నుంచి ఒక పొట్టేలును నాలుగు వారాలకు అడుక్కుని తెచ్చాడు. అది కూడా ఎర్రదే. దాని నుదుటికి అమ్మ పసుపు పెట్టింది, తాత లేచి లోపలికి పోయాడు.

వానాకాలమంతా తాత ఆ ఏటి ఉన్ని నేశాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, తిట్టేవాడు కూడా కాదు. తంగేడు పూసి, ఆడవాళ్లు బతుకమ్మలు పేర్చేనాటికి మా ఇంట్లో రెండు పొయ్యిలు, రెండు బతుకమ్మలు. అవ్వ ఒక పూట మా దగ్గర, ఒక పూట చిన్నకొడుకు దగ్గర తినేది. రెండు చోట్లా తిట్టేది. చలి మొదలయ్యాక గొర్రెలు ఈనాయి. పుట్టినవి పుట్టినట్టు ఎర్రవి. నాయిన ఒక్కో పిల్లనూ ఎత్తి చూసి, బరువుందని సంబరపడి, ఆ సంబరం తాతకు కనబడకుండా దించేవాడు.

తాత మంచం పట్టేనాటికి నేను ఇంటర్ చదువుతున్నాను. అది కార్తీకం. పగటి ఎండ కోసం ఆయన మంచం వాకిట్లో వేసేవాళ్లం. ఒకరోజు ఆయనకు జొన్న గట్క తినిపిస్తూ చెప్పేశాను. "తాతా, గా నాడు పొట్టేళ్లను ఇడిచింది నేను. చిన్నాయిన కాదు."

"ఎరికే బిడ్డా" అన్నాడు తాత. "సూసిన."

చెంచా గిన్నెలో పెట్టి ఆయన దగ్గరికి జరిగాను.

"మగ్గం కాడికెల్లి సూస్తనే ఉన్న. నువ్వు తాడు ఇప్పుతుంటె లేసి ఒర్రితె ఆగుదువు."

"మరెందుకు ఒర్రలేదు?"

"నాక్గూడ సూడబుద్ధైంది. గెలుస్తదనుకున్న."

"చిన్నాయినను కొడుతుంటెనన్న చెప్పొచ్చు గద తాతా?"

"కోపముండె వాని మీద" అన్నాడు. తర్వాత గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.

నాకు వచ్చిన కోపానికి ఆ మంచం ఎత్తి పడేద్దామనిపించింది. ఐదేళ్లు నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నదాన్ని ఈ ముసలాయన కూడా పక్కనే కూర్చుని మోస్తున్నాడు, ఒక్క మాట చెప్పకుండా. గట్క గిన్నె అక్కడే పెట్టి లేచిపోయాను. ఆ పూట ఆయన తినలేదు. నెల తిరక్కముందే పోయాడు. ఆ గిన్నె అలా వదిలి పోయినందుకు ఇప్పుడు నా మీద నాకు కోపం వస్తుంది, తాత మీదా వస్తుంది. రెండూ తగ్గవు.

చిన్నాయిన గొర్రెల్ని ఎప్పుడో అమ్మేశాడు. మోచెయ్యి చాచడానికి రాని మనిషి గొర్రెను పట్టలేడు. ఇప్పుడు యాదగిరిగుట్ట కింద కొబ్బరికాయల దుకాణంలో పని చేస్తున్నాడు. ఎడమ చేత్తో పీచు ఒలుస్తాడు. పోయినేడు దసరా ముందు సెలవు పెట్టుకుని పోయాను. దర్శనానికని ఇంట్లో చెప్పాను గానీ గుట్ట ఎక్కలేదు. దుకాణం వెనక పీచు కుప్ప మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. పొట్టేళ్లను విప్పిన సంగతి, గోలెం వెనక దాక్కున్న సంగతి, తాత చూసిన సంగతి కూడా.

ఆయన చేతిలోని కాయను పక్కన పెట్టాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాను.

"మీ నాయినకు చెప్పినవా?" అన్నాడు.

"ఇంక లేదు. తాత తర్వాత నీకే."

"చెప్పకు." కాయ మళ్లీ తీసుకుని పీచు ఒలవడం మొదలుపెట్టాడు. "తప్పు నాదే అనుకుంటున్నడు గాబట్టి గిన్ని దినాలు నిమ్మలంగ పంటున్నడు. నన్ను ఉత్తగ కొట్టిండని తెలిస్తే మా అన్న బతుకడు."

నాయిన ఊళ్లోనే ఉన్నాడు, ఎర్ర మందతో. పండగకు పోయినప్పుడల్లా చివరికి తమ్ముని మాట ఎత్తుతాడు. "వాడు ఒక్కసారి తప్పైందని అంటే అయిపోవు" అంటాడు. నేను తల వంచుకుని తింటాను. అవ్వ పోయింది, గొంగళ్లు చెదలు పట్టి పోయాయి. మొగులు పట్టినప్పుడు ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ దేన్నీ కొట్టరు, ఎవర్నీ తిట్టరు. నాకు ఆ కేకలన్నీ కావాలనిపిస్తుంది, ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప.

మా నాయినకు చదువు రాదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను.